అత్తయ్య ముందు నడిచిన ఊరేగింపు

ఆ ఏడు రెండు నెలలపాటు మా ఇంట్లో ఊరేగింపు గురించి తప్ప ఇంకో మాట లేదు. గేలాంగ్ సెరాయ్ వీధుల్లో మలయ్ వాళ్ళ మూలాల ఊరేగింపు జరపాలని పెద్దలు అనుకున్నారు. మలయ్ అని ఒక్క మాటలో అనేస్తారు గాని, సింగపూర్‌లో ఉన్న మాలో జావా నుంచి వచ్చినవాళ్ళున్నారు, బూగిస్ ఓడలవాళ్ళున్నారు, సుమత్రా కొండల మినాంగ్‌లున్నారు, బావెయన్ దీవి నుంచి గుర్రపుబళ్ళు తోలడానికి వచ్చిన బోయన్లున్నారు. ఎవరి వరస వాళ్ళది, ఎవరి బట్టలు వాళ్ళవి. నేను మినాంగ్ పిల్లను. బోయన్ల ఇంటికి కోడలిగా వచ్చాను.

బోయన్ సంఘం పెద్దలు ముగ్గురు మా ఫ్లాటుకు వచ్చేసరికి అత్తయ్య వరండాలో చాట వేసుకుని ఉప్పుచేపలు తిరగేస్తోంది. పిల్లి ఒకటి దూరంగా కూర్చుని ఆమెనే చూస్తోంది. ముగ్గురూ చెప్పులు విప్పి లోపలికి వచ్చారు. వాళ్ళలో పెద్దాయన టీ గ్లాసు పట్టుకుని చాలాసేపు అవీ ఇవీ మాట్లాడి అసలు సంగతికి వచ్చాడు.

"మన వరసకు ముందు మీరు నడవాలి పెద్దమ్మా."

"ఇంకెవరూ దొరకలేదా?" అంది అత్తయ్య.

"రోచోర్ కాలువ పక్కన ఉమ్మడి ఇంట్లో పుట్టి..." అని ఆయన ఆగి సర్దుకున్నాడు. "పెరిగిన ఆడవాళ్ళలో ఇక్కడ మిగిలింది మీరొక్కరే."

"అందరూ పోయాక మిగలడం కూడా ఒక గొప్పేనా?"

వాళ్ళు నవ్వారు. అత్తయ్య మాత్రం నవ్వలేదు. ఆ ఉమ్మడి ఇంటి సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం, అందరికీ కలిపి ఒకే వంటిల్లు. దీవి నుంచి ఓడ దిగినవాడు ఎవడైనా మొదట అక్కడికే వచ్చి, పని దొరికేదాకా అక్కడే తిని పడుకునేవాడట. దాన్ని కూల్చేసి చాలా కాలమైంది. ఆ చోట ఇప్పుడు పెద్ద రోడ్డుంది.

"సరే నడుస్తాను," అంది అత్తయ్య చివరికి. "ఎండలో మాత్రం నడిపించకండి. నల్లబడతాను."

మా అత్తయ్య సతిమా తెల్లగా ఉంటుంది. చాలా తెల్లగా. ఆ మాటకు పెద్దాయన గబగబా టీ తాగేశాడు.

ఆ వారమే మా నాన్న ఫోన్ చేశాడు. మినాంగ్‌లలో బిడ్డలది తల్లి వంశం. కాబట్టి నా కూతురు మెలాతి మినాంగ్ వరసలో నడవాలని, ఎద్దు కొమ్ముల్లా ఉండే తలపాగా దాని కోసం సిద్ధం చేయించానని చెప్పాడు.

"తండ్రి బోయన్ అయితే పిల్ల బోయన్ కాదా?" అంది అత్తయ్య వంటింట్లోంచి.

"మా లెక్క అంతే అత్తయ్యా."

"మీ లెక్క మీ ఆడవాళ్ళు పెట్టుకున్నది. సరేలే, కొమ్ములున్నవాళ్ళతో మనకెందుకు. ఏమే మెలాతీ, ఏ వరసలో నడుస్తావు?"

మెలాతికి అప్పుడు పదహారేళ్ళు. "కొమ్ములు బావుంటాయి నానమ్మా," అంది ఫోన్‌లోంచి తలెత్తకుండా.

"విన్నావా యుస్? బావుంటాయట," అంది అత్తయ్య నాతో. ఆ రోజంతా ఎవరు ఎదురుపడినా మనవరాలికి కొమ్ములు మొలుస్తున్నాయని చెప్పింది.

ఆదివారాలు మా బ్లాకు కింద ఖాళీ జాగాలో సాధన. కొంపాంగ్ డప్పులవాళ్ళు రెండు వరసలుగా నిలబడేవారు. మా ఆయన జుఫ్రీ చిన్నప్పటి నుంచీ ఆ బృందంలో ఉన్నాడు. వాళ్ళకు గురువు మర్జూకీ గారు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, ఎండుకర్రలా ఉంటాడు. దరువు తప్పినవాడి వైపు చూడను కూడా చూడడు. తన డప్పు ఆపేసి నిలబడతాడు, అంతే. ఆయనా ఆ ఉమ్మడి ఇంట్లో పుట్టినవాడే.

రెండో ఆదివారం అత్తయ్యను వరస ముందు నిలబెట్టి నడక సరిచూస్తున్నారు. ఆమె చేతిలో తమలపాకుల పళ్ళెం. నేను పక్కన మంచినీళ్ళ సీసాలు సర్దుతున్నాను. సంఘం పెద్దాయన మర్జూకీ గారి దగ్గరికి వచ్చి, "ఎలా ఉంది నడక?" అని అడిగాడు.

"నడక బాగానే ఉంది," అన్నాడు ఆయన. "మూలాల ఊరేగింపు అంటున్నారు కదా. బోయన్లకు ముందు నడిచే మనిషి బోయన్ రక్తమైతే బాగుండేది. తెచ్చుకున్న బిడ్డను ముందు పెట్టి మన మూలాలు అంటే ఎలా?"

ఆయన గొంతు పెంచలేదు. అయినా ఆ జాగాలో మాట గోడలకు తగిలి అందరికీ వినిపిస్తుంది. అత్తయ్య పళ్ళెంలో తమలపాకు ఒకటి పక్కకు జరిగితే సర్దుకుంది.

జుఫ్రీ తన డప్పును సంచిలో పెట్టి జిప్పు లాగాడు. లిఫ్టు వైపు వెళ్ళిపోయాడు. అతని చోటు ఖాళీగా ఉండిపోయింది. మర్జూకీ గారు తన డప్పు ఆపి నిలబడ్డాడు.

ఆ మాట మా ఇంట్లో ఎప్పుడూ ఎవరూ అనలేదు. నాకు పెళ్ళయిన కొత్తలో మా ఆడపడుచు ఒక్కసారి గుసగుసగా చెప్పింది: అమ్మను చైనా వాళ్ళ దగ్గర్నుంచి తెచ్చుకున్నారు, అన్నయ్య ముందు ఆ ఊసెత్తకు అని. జుఫ్రీవి సన్నని కళ్ళు. బడిలో పిల్లలు అతన్ని చైనావాడా అని పిలిచేవారట. ఒకసారి దాని కోసం ఒకడి పన్ను రాలగొట్టాడట. అంతవరకే నాకు తెలుసు.

అత్తయ్యా నేనూ పైకి వెళ్ళేసరికి అతను సోఫాలో కూర్చుని ఉన్నాడు.

"నువ్వు నడవడం లేదు," అన్నాడు తల్లితో.

"ఎందుకు?"

"వాడన్న మాట విన్నావు కదా."

"విన్నాను. అందులో అబద్ధం ఏముంది?"

"అబద్ధం అని కాదమ్మా. అందరి ముందు అలా అనడమేమిటి?"

"అందరికీ తెలిసిందే కదరా. తెలియనట్టు నటించేది నువ్వొక్కడివే."

జుఫ్రీ లేచి స్నానానికి వెళ్ళిపోయాడు. చాలాసేపు నీళ్ళ చప్పుడు వినిపించింది. మెలాతి తలుపు దగ్గర నిలబడి అంతా వింది. నానమ్మ పక్కన వచ్చి కూర్చుంది.

"నానమ్మా, నిజంగానా?"

"నిజమే. యుద్ధంలో జపాన్ వాళ్ళు వచ్చిన ఏడాది. చైనా వాళ్ళ మగవాళ్ళను లారీల్లో ఎక్కించుకుపోతున్నారు. ఆడపిల్లలు మలయ్ ఇళ్ళల్లో ఉంటే బతుకుతారని కొందరు తెచ్చి ఇచ్చేసేవాళ్ళు. నన్ను కన్నావిడ కాలువ అవతల కూరగాయలు పండించేది. మా అమ్మ బట్టలుతుకుతుంటే తెచ్చి చేతుల్లో పెట్టింది. మా అమ్మకు పిల్లల్లేరు. చేతులకు సబ్బు ఉందట. జారిపోతానేమోనని భయపడిందట."

"మరి పాలు?"

"అదుగో, అదడుగు. పక్క గదిలో ఆవిడకు కూతురు పుట్టి ఉంది, కల్సోమ్. ఆవిడే ఒక పక్క దాన్ని, ఒక పక్క నన్ను వేసుకుని ఇద్దరికీ పాలిచ్చింది." అత్తయ్య నా వైపు తిరిగింది. "ఆవిడే మర్జూకీ వాళ్ళమ్మ. వాడు తర్వాత పుట్టాడు."

నేను చేతిలో పని ఆపేశాను. ఒకే తల్లి పాలు తాగినవాళ్ళు మా ఇస్లాం మతంలో తోడబుట్టినవాళ్ళతో సమానం. వాళ్ళ మధ్య పెళ్ళి కుదరదు, పరదా అక్కర్లేదు.

"అంటే ఆయన మీకు తమ్ముడే కదా అత్తయ్యా. తెలిసి కూడా అలా అన్నాడా?"

"తెలుసు కాబట్టే అన్నాడు. వాడి కోపం రక్తం మీద కాదమ్మాయ్, నా మీద. వాళ్ళక్క కల్సోమ్ మీద ప్రేమ." కాసేపు తన మోకాళ్ళు తనే రాసుకుంది. "కల్సోమ్ మొగుడు పోయినప్పుడు నేను వెళ్ళలేదు. నాకు గుండె ఆపరేషన్ అయిన నెల అది. కబురైనా పంపాల్సింది, పంపలేదు. అదీ ఊరుకుంది, నేనూ ఊరుకున్నాను. అది జొహోర్‌లో కొడుకు దగ్గర ఉంది. ఉమ్మడి ఇంట్లో పెరిగినదాన్ని నేనొక్కదాన్నే మిగిలానని సంఘం వాళ్ళంటే నేను కాదనలేదు చూడు. వాడికి అక్కడ కాలింది."

తర్వాతి శనివారం అత్తయ్య పొద్దున్నే తలగుడ్డ కట్టుకుని పాస్‌పోర్టు పట్టుకుని తయారైంది. మా ఇద్దరికీ మార్కెట్లో పని ఉందని జుఫ్రీతో నన్ను చెప్పమంది. "మార్కెట్‌కు పాస్‌పోర్టు ఎందుకు?" అన్నాడు అతను. సమాధానం కోసం ఆగలేదు.

సరిహద్దు వంతెన దాటి జొహోర్ వెళ్ళడానికి బస్సు వరసలో ఎండలో నిలబడ్డాం. అత్తయ్య ఒళ్ళో డబ్బాలో వేయించిన టెంపే సోయా ముక్కలు, కారం ఉన్నాయి. దారంతా ఆ డబ్బా మూత తీసి చూసి మళ్ళీ పెట్టింది.

కల్సోమ్ గారి ఇల్లు వరస ఇళ్ళలో చివరిది. ముందు గదిలో చక్రాల కుర్చీలో కూర్చుని టీవీ చూస్తోంది. చక్కెర జబ్బు వల్ల ఒక కాలు మోకాలి కింద తీసేశారు. మేం గుమ్మంలో సలాం చెబితే కళ్ళు చిట్లించి చూసింది.

"ఎవరు?"

"నేనే. నీ పాలల్లో సగం తాగినదాన్ని."

ఆవిడ టీవీ ఆపలేదు. "సగమా? ముప్పావు. అందుకే నేనిలా పొట్టిగా ఉండిపోయాను, నువ్వు తాటిచెట్టులా పెరిగావు."

అత్తయ్య లోపలికి వెళ్ళి ఎదురుగా కూర్చుంది. ఇద్దరూ టీవీ చూశారు. ఏదో వంటల కార్యక్రమం. ఆ వంటావిడ ఉల్లిపాయలు నల్లగా మాడ్చేస్తోందని ఒకరన్నారు, అవునన్నారు రెండోవారు.

"మా ఆయన పోయినప్పుడు రాలేదు," అంది కల్సోమ్ గారు.

"ఆసుపత్రిలో ఉన్నాను."

"తర్వాత తెలిసింది. కబురు పంపొచ్చు కదే."

"పంపాల్సింది."

ఇంకేమైనా చెబుతుందని ఆవిడ చూసింది. అత్తయ్య డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టింది. టీవీలో వంటావిడ వడ్డించడం మొదలుపెట్టింది.

"తిన్నావా?" అంది కల్సోమ్ గారు.

"లేదు."

"ఆ డబ్బాలో ఏముంది?"

"టెంపే."

"మరి ఒళ్ళో దాచుకుని కూర్చున్నావేమిటి. తెరువు."

నేను వంటింట్లోకి వెళ్ళి ఆవిడ కోడలితో కలిసి అన్నం పెట్టుకొచ్చాను. తింటుండగా అత్తయ్య ఊరేగింపు సంగతి చెప్పింది. మర్జూకీ అన్న మాట కూడా చెప్పింది, తగ్గించకుండా, పెంచకుండా. కల్సోమ్ గారు నమలడం ఆపేసింది.

"వాడా? ఆ మాట వాడన్నాడా? వాడు పుట్టినప్పుడు ఉయ్యాల ఊపింది నువ్వు. నాకు నిద్రొచ్చేది. నువ్వే ఊపేదానివి."

"దానికేం గాని, నీ కోసం అన్నాడు. ముందు నడవాల్సింది నువ్వు."

"నడవాలా?" అని కల్సోమ్ గారు తన కాలు వైపు చూపించింది. "బాగానే చెప్పావు."

"కుర్చీ నేను తోస్తాను."

"నిన్నే ఎవరైనా తోయాలి."

"మెల్లగా వెళదాం. మన వెనక వచ్చేవాళ్ళు కూడా మెల్లగా వస్తారు. మనల్ని దాటిపోలేరు కదా."

కల్సోమ్ గారు చాలాసేపు నవ్వింది. నవ్వుతూనే తలగుడ్డ చెంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత కోడల్ని పిలిచి ఫోన్ తెమ్మంది. "మర్జూకీ నంబర్ కలుపు. నేనొక్కదాన్నే మాట్లాడాలి, మీరంతా అవతలికి వెళ్ళండి," అంది. మేం వీధిలో నిలబడ్డాం. లోపల్నుంచి ఆవిడ గొంతు తప్ప ఇంకేమీ వినిపించలేదు. చాలాసేపు వినిపించింది.

మర్జూకీ గారు రెండు రోజుల్లో వచ్చాడు. పైకి రాలేదు. బ్లాకు కింద రాతి బల్ల దగ్గర ఘాటు వాసన కొట్టే దురియాన్ పళ్ళ బుట్ట పెట్టుకుని కూర్చుని, మెట్ల దగ్గర ఆడుకుంటున్న పిల్లల చేత కబురు పంపాడు. ఇంట్లో ఆ వాసన జుఫ్రీకి పడదని నేను అంటే, "వాడికి ఇష్టమే. పడనట్టు నటిస్తాడు," అని అత్తయ్య ముందు దిగింది. జుఫ్రీ కాసేపు కిటికీలోంచి చూసి, తర్వాత తనూ దిగాడు.

మర్జూకీ గారు కాయను కత్తితో చీల్చి మొదటి తొన మా అత్తయ్య ముందు పెట్టాడు. "తిను అక్కా."

అత్తయ్య తిని చూసింది. "గింజ పెద్దది. నిన్ను మోసం చేశాడు."

"తియ్యగా ఉందా లేదా?"

"ఉంది."

ఆయన ఇంకో కాయ తీసుకున్నాడు. జుఫ్రీ వైపు చూడకుండానే, "రెండో వరసలో దరువు పోతోంది. మధ్యలో ఖాళీ," అన్నాడు. జుఫ్రీ ఆయన చీల్చిన కాయలోంచి ఒక తొన తీసుకుని నిలబడే తిన్నాడు. ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. బుట్ట ఖాళీ అయ్యాక తొక్కలు నేను చీపురుతో ఊడ్చాను. మరుసటి ఆదివారం జుఫ్రీ డప్పు సంచి భుజాన వేసుకుని కిందికి వెళ్ళాడు.

ఊరేగింపు రోజున సాయంత్రం వాన వచ్చేలా ఉండి రాలేదు. వీధికి రెండు పక్కలా జనం. మినాంగ్ వాళ్ళు మా ముందు వరస. మెలాతి కొమ్ముల తలపాగా పెట్టుకుని, మెడ తిప్పితే పడిపోతుందని కళ్ళు మాత్రమే తిప్పుతూ మా వైపు చూసింది. మా నాన్న దాని పక్కన నిలబడి గర్వంగా రొమ్ము విరుచుకున్నాడు. వాళ్ళ ముందు బూగిస్‌లు, జావా గుర్రం ఆటవాళ్ళు. మా వెనక ఇంకో తెగ, బంజార్ వాళ్ళు. ఒక పక్క వీధి మూల చైనా మందుల కొట్టాయన కుటుంబంతో సహా కుర్చీలు వేసుకుని కూర్చున్నాడు.

కల్సోమ్ గారి కుర్చీకి మల్లెదండలు చుట్టారు. ఆవిడ మధ్యాహ్నమే కొడుకు కారులో వచ్చి, మా ఇంట్లో తిని, తన పొడవాటి రవికె అంచుకు నాచేత కుట్టు వేయించుకుంది. అత్తయ్య కుర్చీ వెనక నిలబడింది. తమలపాకుల పళ్ళెం కల్సోమ్ గారి ఒళ్ళో ఉంది. నేను నీళ్ళ సీసాలు పట్టుకుని పక్కన.

మా వరస కదలడానికి ఇంకా టైముంది. మైకు పట్టుకున్న ఒక అమ్మాయి ఒక్కో వరస దగ్గరికి వచ్చి, ఎవరు ఏ ఊరి నుంచి అని అడిగి, వేదిక మీద చదవడానికి రాసుకుంటోంది. అత్తయ్య ముందుకు వంగి కల్సోమ్ గారి తలగుడ్డ సర్దుతోంది. ఆ అమ్మాయి రెండో వరసలో ఉన్న జుఫ్రీని అడిగింది.

"ముందు కుర్చీ పట్టుకున్న ఆవిడ మీ అమ్మగారట కదా. వాళ్ళది బావెయన్‌లో ఏ ఊరండీ?"

జుఫ్రీ డప్పు తోలు మీద వేలితో కొట్టి వింటున్నాడు. "మా అమ్మ చైనా వాళ్ళ బిడ్డ," అన్నాడు. "ఇక్కడే పుట్టింది. బోయన్లు పెంచారు."

"అలా రాయమంటారా?"

"రాసుకో."

మర్జూకీ గారు అతని వైపు తిరిగి చూశాడు. చూసి ముందుకు తిరిగి, చేయి పైకెత్తాడు. డప్పులన్నీ ఒక్కసారి మోగాయి. అత్తయ్య కుర్చీని తోసింది. ఆమె అన్నట్టే చాలా మెల్లగా నడిచాం. బంజార్ వాళ్ళు వెనకనుంచి విసుక్కున్నారని తర్వాత విన్నాను. వేదిక దగ్గర ఆ అమ్మాయి చదివింది డప్పుల చప్పుడులో మా ఎవరికీ సరిగా వినపడలేదు. అత్తయ్యకు ఒక చెవి ముందే సరిగా వినపడదు. కల్సోమ్ గారు మాత్రం చెయ్యి వెనక్కి చాచి, కుర్చీ తోస్తున్న అత్తయ్య చేతి మీద పెట్టింది. వీధి చివరిదాకా అలాగే ఉంచింది.

మర్నాడు అందరం ఆలస్యంగా లేచాం. కల్సోమ్ గారు రాత్రే వెళ్ళిపోయింది. అత్తయ్య భోజనాల బల్ల దగ్గర కాళ్ళు ఇంకో కుర్చీ మీద పెట్టుకుని, చల్లారిన టీలో బిస్కెట్ ముంచుకుంటోంది. నేను స్టవ్ దగ్గర కొబ్బరిపాల అన్నం వేడిచేస్తున్నాను. జుఫ్రీ ఆదివారాలు పేపరు కోసం కిందికి వెళతాడు. ఆ రోజు చెప్పులు తొడుక్కుని, తలుపు దాకా వెళ్ళి, చెప్పులు విప్పి తిరిగి వచ్చాడు.

"అమ్మా, నిన్ను కన్నావిడ ఎలా ఉండేది?" అన్నాడు.

నేను స్టవ్ తగ్గించాను. అత్తయ్య బిస్కెట్ టీలో విరిగి పడిపోయింది. చెంచాతో తీసి పక్కన పెట్టింది.

"పొట్టి మనిషి," అంది. "యుద్ధం అయిపోయాక అప్పుడప్పుడూ వచ్చేది. వెనక గుమ్మం దగ్గర నిలబడేది. ఆవిడ వచ్చిందంటే మా అమ్మ బిందె తీసుకుని నీళ్ళకు వెళ్ళేది. బిందె నిండా నీళ్ళున్నా పారబోసి వెళ్ళేది. మమ్మల్నిద్దర్నీ వదిలి. ఆవిడ నా తల దువ్వేది. దువ్వడం అయిపోయాక జడ వాసన చూసేది. అంతే, ఏమీ మాట్లాడేది కాదు. మాటలు కలవవు కదా. మా అమ్మ తిరిగొచ్చేసరికి వెళ్ళిపోయేది."

"ఏమని పిలిచేది?"

"ఆ-ముయ్ అనేది. అది పేరు కాదురా. వాళ్ళలో ఏ ఆడపిల్లనైనా అలాగే పిలుస్తారు. పేరు పెట్టే ఉంటుంది. నాకు చెప్పలేదు."

"తర్వాత?"

"ఒక ఏడు రాలేదు. మా అమ్మ కాలువ దాటి వెళ్ళి వెతికింది. కూరగాయల మళ్ళు లేవు. ఇటుకలు పోసి ఉన్నాయి. తిరిగొచ్చి నా తల తనే దువ్వింది. ఆ రోజు దువ్వుతూ ఏడ్చింది కూడా."

జుఫ్రీ కుర్చీ లాక్కుని తల్లి ఎదురుగా కూర్చున్నాడు. కాసేపు బల్ల మీది ముక్కలు ఒక్కచోటికి చేర్చాడు.

"ఇంకా?" అన్నాడు.

అత్తయ్య అతని ముఖంలోకి చూసింది.

"ఇంకా అంటే చాలా ఉంది. నీకివాళ పనేమీ లేదా?"

"లేదు," అన్నాడు జుఫ్రీ.